గోడౌన్ యార్డ్ ఫుటేజ్: నాలుగు ఫైళ్ళు, నాలుగు రకాల తంటాలు

ఒక గోడౌన్ యార్డ్‌లో లారీ రివర్స్ వస్తూ షట్టర్ పక్కనున్న పిల్లర్‌ని గుద్దింది. పిల్లర్ పగిలింది, షట్టర్ వంకరపోయింది, లోపల పేర్చిన సరుకు కొంత కింద పడింది. మనుషులకేమీ కాలేదు. "నేను నెమ్మదిగానే వచ్చాను, వెనక సైగ చేసే మనిషే లేడు" అన్నాడు డ్రైవర్. "లారీ స్పీడ్‌గా వచ్చింది, మా మనిషి అక్కడే ఉన్నాడు, వీడియో ఉంది" అన్నారు గోడౌన్ సూపర్‌వైజర్. బీమా సర్వేయర్ ఆ వీడియో అడిగారు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న నాలుగు ఫైళ్ళలో ఏ ఇబ్బందీ లేకుండా ఆడింది ఒక్కటే. గొడవంతా పెరిగింది ఆ ఒక్కదాని వల్లే.

రికార్డర్ల నుంచి ఫుటేజ్ తీసి, చూడదగ్గ రూపంలో అప్పగించడం నా పని. ఈ కేసులో వచ్చిన సమస్యలు విడివిడిగా మామూలువే. అన్నీ ఒకేచోట పడితే జరిగిన సంగతే తారుమారు అవుతుందని చూపించే కేసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చేతికొచ్చినవి

మొదటిది గేట్ కెమెరా ఫైలు. పేరు చివర ఎంపీ4 అని ఉంది. డబుల్ క్లిక్ చేస్తే విండోస్ ప్లేయర్ ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. వీఎల్‌సీ అనే ప్లేయర్లో తెరుచుకుంటుంది కానీ మొదట్లో తెరంతా బూడిదరంగు, అందులో మనుషుల ఆకారాలు నీడల్లా పాకుతుంటాయి. రెండోది షట్టర్ లోపలి కెమెరాది, అదీ ఎంపీ4 పేరుతోనే ఉంది, ఏ ప్లేయర్లోనూ కదలదు. మూడోది యార్డ్ కెమెరాది, పేరు చివర .264. వీఎల్‌సీలో ఆడుతుంది, కానీ మొత్తం నిడివి ఎంతో చూపించదు, సీక్ బార్ పట్టుకుని లాగితే పనిచేయదు. నాలుగోది ఆ యార్డ్ ఫైలునే ఎవరో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేసి తెచ్చిన కాపీ. ఫోన్‌లో కూడా చక్కగా ఆడుతుంది. అందుకే వాట్సాప్‌లో అందరికీ తిరిగింది, సర్వేయర్‌కి ముందుగా చేరింది కూడా అదే.

గేట్, షట్టర్ కెమెరాలు కొత్త ఎన్వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల రికార్డర్) మీద ఉన్నాయి. యార్డ్ కెమెరా మాత్రం పాత అనలాగ్ కెమెరాల రికార్డర్ అయిన డీవీఆర్ మీదే మిగిలిపోయింది. రెండు రికార్డర్ల నుంచీ సాయంత్రం 16:20 నుంచి 16:30 దాకా బ్యాకప్ తీశారు.

"సార్, ఫైళ్ళు కరప్ట్ అయిపోయాయి, ఏదైనా రిపేర్ సాఫ్ట్‌వేర్ వేసి సెట్ చేయండి" అన్నారు సూపర్‌వైజర్. ఈ పనిలో రోజూ వినిపించే మాటే. నా దగ్గరికి అలా వచ్చేవాటిలో నిజంగా పాడైనవి తక్కువ. ప్లేయర్‌కి అర్థం కానివి, సగంలో తెగినవి, తప్పు వేగంతో ఆడేవి ఎక్కువ. వీటిలో రిపేర్ సాఫ్ట్‌వేర్‌తో బాగుపడేవి చాలా కొద్ది.

ముందు రికార్డర్, తర్వాతే ఫైలు

ఫైళ్ళు తెరవకముందే రికార్డర్ల సంగతి అడిగాను. అవి ఇంకా నడుస్తున్నాయా? పాత రికార్డింగ్ ఎన్నాళ్ళు నిలుస్తుంది? సీసీ కెమెరా రికార్డర్‌లో డిస్క్ నిండగానే అన్నిటికంటే పాతది చెరిగి దాని మీద కొత్తది పడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీతో కుస్తీ పడుతూ కూర్చుంటే అవతల అసలు రికార్డింగే పోతుంది. చాలా రికార్డర్లలో ఫైల్ లాక్ అని ఒక సౌకర్యం ఉంటుంది. ఆ సమయానికి చెందిన భాగాలను లాక్ చేస్తే వాటి మీద ఓవర్‌రైట్ జరగదు. ఎన్వీఆర్‌లో అలా లాక్ చేయించాను. పాత డీవీఆర్‌లో ఆ మెనూ కనబడలేదు. అందుకని యార్డ్ ఛానెల్ బ్యాకప్ వెంటనే ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, నేను వచ్చేవరకూ రికార్డింగ్ ఆపేయమన్నాను. యార్డ్‌లో పని జరుగుతున్న చోట కెమెరా ఆపడం వాళ్ళకి ఇష్టం లేదు, అది సహజమే. ఫోన్‌లో కొంతసేపు మాట్లాడితే గానీ ఒప్పుకోలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే విండోస్ "స్కాన్ చేసి సరిచేయమంటారా" అని అడిగింది. అక్కడ వద్దనాలి. సరిచేసే పేరుతో అది డ్రైవ్ మీద రాస్తుంది, సగం రాసిన ఫైళ్ళను ముక్కలు చేసి వేరే ఫోల్డర్‌లో పడేస్తుంది. ఫైళ్ళన్నీ కాపీ చేసుకుని, ఒక్కోదానికి ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైల్లో ఒక్క బైటు మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి గుర్తు) తీసి రాసుకున్నాను. పని అంతా కాపీల మీదే, పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి పక్కన పెట్టేశాను.

తెరుచుకోని ఫైలు

షట్టర్ కెమెరా ఫైలు సంగతి త్వరగా తేలింది. ఫైల్లోని బైట్లను ఉన్నవున్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో చూస్తే మొదట్లో ఎంపీ4కి ఉండాల్సిన ఎఫ్‌టైప్ గుర్తు ఉంది, వీడియో డేటా ఉన్న ఎండాట్ భాగం ఉంది, మూవ్ అనే భాగం లేదు. ఏ ఫ్రేమ్ ఎక్కడుంది, ఎంత సైజు, ఎప్పుడు చూపించాలి అన్న జాబితా అంతా ఆ మూవ్‌లో ఉంటుంది. రికార్డర్ దాన్ని సాధారణంగా చివర్న రాస్తుంది. పెన్‌డ్రైవ్‌ని ముందే లాగేసినా, మధ్యలో కరెంట్ పోయినా ఆ జాబితా పడదు, డేటా ఉన్నా ప్లేయర్‌కి దారి తెలియదు. ఇక్కడ బ్యాకప్ వంద శాతం చూపించకముందే పెన్‌డ్రైవ్ తీసేశామని వాళ్ళే చెప్పారు.

ఇలాంటి ఫైలు వచ్చినప్పుడు సైజు కూడా చూస్తాను. సరిగ్గా 4,29,49,67,295 బైట్లు ఉంటే అది పెన్‌డ్రైవ్‌లలో వాడే ఎఫ్ఏటీ32 ఫార్మాట్ పరిమితి, అంతకంటే పెద్ద ఫైలు ఆ ఫార్మాట్‌లో పట్టదు. ఇది దానికి చాలా తక్కువే.

రికార్డర్‌లో అసలు ఇంకా ఉంది కాబట్టి మళ్ళీ బ్యాకప్ తీస్తే సరిపోయింది. అసలు పోయి ఉంటే, అదే కెమెరా అదే సెట్టింగ్‌తో రికార్డ్ చేసిన ఒక మంచి ఫైలును నమూనాగా ఇచ్చి మూవ్‌ను తిరిగి కట్టే టూల్స్ ఉన్నాయి. కొన్నిసార్లు బాగా పనిచేస్తాయి. అయితే అలా కట్టిన ఫైల్లో ఫ్రేమ్‌ల సమయాలు అంచనాలే అవుతాయి, ఆ మాట రిపోర్ట్‌లో రాయకుండా ఇవ్వకూడదు.

గేట్ కెమెరా: బూడిదరంగు ఎందుకు

ఈ ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉన్నా లోపల ఎంపీ4 కాదు. డబ్బా మీద పేరొకటి, లోపల సరుకొకటి. మొదట తయారీదారు సొంత హెడర్ కొన్ని బైట్లు, ఆ వెంటనే 00 00 01 బీఏ. అంటే ఇది ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమ్. ఇలా సొంత పద్ధతులు వాడటం ఈ రంగంలో కొత్తేమీ కాదు. డాహువా అనే కెమెరా కంపెనీ డీఏవీ ఫైళ్ళలో ప్రతి ఫ్రేమ్ ముందూ డీహెచ్ఏవీ అనే నాలుగక్షరాలు కనబడతాయి, వాటిని చూసి ఫైలు రకాన్ని గుర్తుపట్టొచ్చు. విండోస్ ప్లేయర్ చివరి పేరు చూసి ఎంపీ4 అనుకుని తలుపు కొట్టింది, లోపల ఇంకేదో ఉండేసరికి వెనక్కి తగ్గింది. వీఎల్‌సీ లోపలి బైట్లు చూసి నిర్ణయించుకుంటుంది కాబట్టి తెరిచింది. వీడియో హెచ్.265 (హెచ్ఈవీసీ) అనే కోడెక్‌లో, అంటే వీడియోని కుదించే పద్ధతిలో ఉంది. చాలామంది ఇక్కడ విండోస్‌కి హెచ్ఈవీసీ ఎక్స్‌టెన్షన్ వేసి చూస్తారు, కోడెక్ ప్యాక్‌లు దించుతారు. కంటెయినరే, అంటే వీడియోని పెట్టిన డబ్బానే, తేడాగా ఉన్నప్పుడు కోడెక్ ఎన్ని వేసినా ఉపయోగం లేదు.

కంటెయినర్ సంగతి సులువే, రీమక్స్ చేస్తే, అంటే వీడియోని ముట్టుకోకుండా డబ్బా మారిస్తే, పోతుంది. అసలు చిక్కు బూడిదరంగు. సూపర్‌వైజర్ లాప్‌టాప్‌లో ఆ తర్వాత కూడా చిత్రం పట్టి పట్టి ఆడేది. అది మాత్రం లాప్‌టాప్ లోపమే. 8 మెగాపిక్సెల్ హెచ్.265 వీడియో, కుదించిన వీడియోని బొమ్మలుగా విప్పే హార్డ్‌వేర్ డీకోడింగ్ లేని పాత ప్రాసెసర్, ఇక ఆగి ఆగి రాక ఏం చేస్తుంది? ఇలాంటప్పుడు నేను చేసే పరీక్ష ఒకటుంది. వీడియోని పాజ్ చేసి, వీఎల్‌సీలో ఇ కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ చిత్రం మూలనున్న గడియారంలో సెకన్లను చూస్తాను. 11 తర్వాత 12, 13 వరసగా వస్తుంటే రికార్డింగ్ బాగానే ఉంది, ఆగుతున్నది కంప్యూటరే. 11 నుంచి ఒక్కసారిగా 14కి దూకితే ఆ మధ్య ఫ్రేమ్‌లు రికార్డే కాలేదు, ఏ మెషీన్‌లో పెట్టినా రావు. ఈ ఫైల్లో గడియారం ఎక్కడా దూకలేదు.

బూడిదరంగు మాత్రం నా మెషీన్‌లోనూ ఉంది. బైట్లు చూస్తే కారణం అక్కడే కనబడింది. హెచ్.265 స్ట్రీమ్‌లో డీకోడింగ్ మొదలవ్వాలంటే ముందు 40 01, 42 01, 44 01 తో మొదలయ్యే పారామీటర్ సెట్లు (డీకోడర్‌కి కావాల్సిన వివరాలు), ఆ వెంట కీఫ్రేమ్ (వెనకటి వాటి మీద ఆధారపడని పూర్తి బొమ్మ) రావాలి. ఈ కెమెరాలో కీఫ్రేమ్ 26 01 తో మొదలవుతోంది. ఈ ఫైల్లో మొదట ఉన్నవన్నీ 02 01 ఫ్రేమ్‌లే, అంటే "వెనకటి బొమ్మలో ఈ మార్పు చేయి" అని చెప్పేవి. వెనకటి బొమ్మ లేదు. దాంతో డీకోడర్ బూడిదరంగు పలక మీద మార్పులు మాత్రమే వేసుకుంటూ పోయింది. మొదటి కీఫ్రేమ్ వచ్చింది 16:20:08 దగ్గర.

ఎనిమిది సెకన్ల పాటు కీఫ్రేమ్ రాకపోవడానికి కారణం స్మార్ట్ కోడెక్ సెట్టింగ్. డిస్క్ ఆదా చేయడానికి కదలిక తక్కువున్నప్పుడు కీఫ్రేమ్‌ల మధ్య దూరాన్ని అది పెంచుకుంటూ పోతుంది. బ్యాకప్‌ను రికార్డర్ మెనూ నుంచి కాకుండా బ్రౌజర్‌లో ప్లేబ్యాక్ చూస్తూ కత్తెర గుర్తుతో కత్తిరించారు, కత్తిరింపు రెండు కీఫ్రేమ్‌ల మధ్యలో పడింది. ఆ ఎనిమిది సెకన్ల పూర్తి చిత్రానికి కావాల్సిన కీఫ్రేమ్ ఈ ఫైల్లో లేనే లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. రికార్డర్ మెనూ నుంచి 16:15 మొదలుకొని మళ్ళీ తీయించాను. ఇప్పుడు 16:20:00 దగ్గర బొమ్మ శుభ్రంగా ఉంది. 16:20:05కి సైగ చేసే మనిషి గేటు దాటి రోడ్డు వైపు వెళ్ళడం అందులో కనబడింది. పాత క్లిప్‌లో అది బూడిద మడ్డిలో ఒక గీతలా కదిలింది, అంతే.

యార్డ్ కెమెరా: బాగా ఆడిన ఫైలు

పేరు చివర .264 ఉన్న ఫైలును హెక్స్‌లో తెరిస్తే 00 00 00 01 67, తర్వాత 68, తర్వాత 65. పారామీటర్ సెట్లు, కీఫ్రేమ్ అన్నీ వరసలో ఉన్నాయి. లోపం అంటూ ఏమీ లేదు. కానీ ఇది ముడి స్ట్రీమ్. కంటెయినర్ లేదు, అంటే ఏ ఫ్రేమ్ ఎప్పుడు చూపించాలో చెప్పే టైమ్‌స్టాంప్ లేదు. అలాంటప్పుడు వీఎల్‌సీ సెకనుకు 25 ఫ్రేమ్‌లు అనుకుని ఆడిస్తుంది. ఆన్‌లైన్ కన్వర్టర్ కూడా అలాగే అనుకుంది, ఆ ఊహను ఎంపీ4లో శాశ్వతంగా రాసేసింది.

డీవీఆర్‌లో ఆ ఛానెల్ సెట్టింగ్ సెకనుకు 12 ఫ్రేమ్‌లు. ఫైలు పేరులో 16:20:00 నుంచి 16:30:00 అని ఉంది, పది నిమిషాలు. కన్వర్ట్ చేసిన కాపీ నిడివి 4 నిమిషాల 48 సెకన్లు. లెక్క వేస్తే 600 సెకన్లకి 12 చొప్పున 7,200 ఫ్రేమ్‌లు, వాటిని 25 చొప్పున ఆడిస్తే 288 సెకన్లు. కుదిరింది. అంటే సర్వేయర్ చూసిన వీడియో అసలు వేగానికి రెండింతలు పైనే పరిగెత్తుతోంది.

పేరులో పది నిమిషాలని ఉంది, ఆడేది ఐదు నిమిషాల లోపు. అది ఎవరి దృష్టికీ రాలేదు. యార్డ్‌లో మనుషులు చకచకా బొమ్మల్లా నడుస్తుంటే "పాత కెమెరా కదా, అలాగే ఉంటుంది" అనుకున్నారు. అసలు ఫైల్లో అయితే మూలనున్న గడియారం సెకన్ల అంకెలు మన సెకనులో రెండుసార్లు మారుతూ విషయం బయటపెడతాయి. కన్వర్టర్ రిజల్యూషన్ తగ్గించి, మళ్ళీ ఎన్‌కోడ్ చేసి, ఆ అంకెలను తెల్లటి మచ్చలుగా మార్చేసింది. తప్పు చేసింది, ఆ తప్పు పట్టించే గడియారాన్ని కూడా చెరిపింది. ఇతరుల ముఖాలున్న వీడియోని ఎవరిదో తెలియని సర్వర్‌కి పంపడం వేరే తలనొప్పి, దాని జోలికి ఇక్కడ పోను.

సెట్టింగ్‌లో 12 అని ఉందని 12 అనుకోకూడదు. వెలుగు తగ్గినప్పుడు, స్లో షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువసేపు వెలుగు తీసుకునే సెట్టింగ్) పెట్టిన కెమెరాలు ఫ్రేమ్‌లు తగ్గిస్తాయి, పాత డీవీఆర్‌లు లోడ్ ఎక్కువైతే కొన్ని వదిలేస్తాయి. అందుకని అసలు ఫైల్లో ఇ కీతో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ లెక్కపెట్టాను. గడియారం 41 నుంచి 42కి మారేలోపు 12, తర్వాతి సెకనులో 12, ఒకచోట 11, పక్కనే 13. ఈ 11, 13 గడియారం అంకె ఒక ఫ్రేమ్ అటూ ఇటూ పడటం వల్ల, రెండూ కలిపితే మళ్ళీ 24. ఫైలు చివరి నిమిషాల్లో ఒకటి రెండు సెకన్లలో 9 ఉన్నాయి, అక్కడ నిజంగానే ఫ్రేమ్‌లు పోయాయి. లారీ కదిలిన చోట మాత్రం లెక్క నిలకడగా ఉంది.

డ్రైనేజీ మూత దగ్గర నుంచి పిల్లర్ దాకా లారీ వెనక అంచు ప్రయాణం 72 ఫ్రేమ్‌లు. గడియారం ప్రకారం 16:24:07 నుంచి 16:24:13, ఆరు సెకన్లు. ఆ దూరం టేపుతో కొలిస్తే 9 మీటర్లు. అంటే గంటకు 5.4 కిలోమీటర్లు, మనిషి కాస్త చురుగ్గా నడిచినంత. వాట్సాప్‌లో తిరిగిన కాపీలో అదే దూరం 2.88 సెకన్లలో అయిపోతుంది, అంటే గంటకు 11 కిలోమీటర్ల పైన. వెనక్కి వచ్చే లోడు లారీకి అది చూడగానే గుండె జల్లుమనే వేగం. డ్రైవర్ మీద కోపం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. వేగం ఎంతో తేల్చి చెప్పడం నా పని కాదు, అందుకని రిపోర్ట్‌లో ఫ్రేమ్‌ల లెక్క, గడియారం, కొలిచిన దూరం మాత్రమే రాశాను.

సరిచేయడం పెద్ద పనేమీ కాదు. ఎంకేవీటూల్‌నిక్స్ అనే టూల్‌లో ముడి ఫైలు పెట్టి, వీడియో ట్రాక్‌కి డీఫాల్ట్ వ్యవధి సెకనుకు 12 ఫ్రేమ్‌లు అని ఇచ్చి ఎంకేవీ అనే కంటెయినర్‌లోకి తీశాను. మళ్ళీ ఎన్‌కోడింగ్ లేదు, చిత్రంలో ఒక్క చుక్క మారదు, టైమ్‌స్టాంప్‌లు మాత్రం వచ్చి చేరతాయి. మారలేదని చూపించడానికి రెండు ఫైళ్ళనూ డీకోడ్ చేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్‌తో ఫ్రేమ్‌ల ఎండీ5 (ఇదీ ఒక రకం హ్యాష్) తీసి పోల్చాను. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. డీకోడ్ చేయకుండా, ఫైల్లో కుదించి ఉన్న ముక్కలను (ప్యాకెట్లను) పోలిస్తే తేడా వస్తుంది, ఎందుకంటే ఎంకేవీ, ఎంపీ4లలో 00 00 00 01 గుర్తుకు బదులు ఫ్రేమ్ పొడవు రాస్తారు. ఆ తేడా చూసి కంగారు పడక్కర్లేదు. డీకోడ్ అయిన బొమ్మలు ఒకటే అయితే సరే.

రెండు గడియారాలు

ఇంత చేశాక కూడా సూపర్‌వైజర్ మాట ఒకటి మిగిలింది. "16:24కి గేట్ కెమెరాలో మా మనిషి కనబడుతున్నాడు, చూడండి." నిజమే, కనబడుతున్నాడు. కానీ ఆ 16:24 ఎన్వీఆర్‌ది, గుద్దిన 16:24 డీవీఆర్‌ది.

ఎన్వీఆర్ నెట్‌వర్క్ నుంచి సరైన సమయం తెచ్చే ఎన్‌టీపీతో సమయం సరిచూసుకుంటోంది. డీవీఆర్‌కి నెట్‌వర్క్ కేబులే లేదు. రెండు రికార్డర్ల తెరల పక్కన ఫోన్ పెట్టి ఒకే ఫోటోలో తీశాను. డీవీఆర్ 3 నిమిషాల 20 సెకన్లు ముందుంది. అది నేను వెళ్ళిన రోజు తేడా, ఘటన జరిగిన రోజు ఎంతుందో దాన్నిబట్టి ఖాయంగా చెప్పలేం. అందుకని రెండు కెమెరాల్లోనూ కనబడే ఒక క్షణం వెతికాను. లారీ లోపలికి వచ్చేటప్పుడు దాని వెనక చక్రం గేటు పట్టాను దాటడం అటూ ఇటూ కనబడుతుంది. ఆ రెండు సమయాల మధ్య తేడా కూడా, సెకను అటూ ఇటుగా, అంతే వచ్చింది.

కాబట్టి డీవీఆర్ 16:24:07 అంటే ఎన్వీఆర్ లెక్కలో 16:20:47. సైగ చేసే మనిషి గేటు దాటి వెళ్ళింది 16:20:05. లారీ ఆ మూత దాటినప్పటికి అతను బయటికెళ్ళి 42 సెకన్లయింది, ఈలోపు గేట్ కెమెరాలో తిరిగి రావడం లేదు. 16:24కి కనబడింది, చప్పుడు విని జనం పోగయ్యాక అతను లోపలికి వస్తున్న దృశ్యం.

అప్పగించినవి

సర్వేయర్‌కి రికార్డర్ల నుంచి వచ్చిన అసలు ఫైళ్ళు ఏ మార్పూ లేకుండా, వాటి హ్యాష్‌లు, చూసుకోవడానికి రీమక్స్ చేసిన కాపీలు, గడియారాల ఫోటో, ఏ ఫైలుకి ఏం చేశానో ఒక పేజీ ఇచ్చాను. షట్టర్ కెమెరాలో ఆడియో కూడా ఉంది, జీ.711 అనే ఆడియో పద్ధతిలో. దాన్ని ఎంపీ4లోకి అలాగే కాపీ చేయబోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒప్పుకోదు. అందుకని ఆ కాపీలో ఆడియో మాత్రం ఎంపీ4కి నప్పే ఏఏసీ పద్ధతికి మార్చి, ఆ సంగతి పేజీలో రాశాను. పాత వాట్సాప్ కాపీని కూడా జత చేసి "వేగం తప్పు, ఆధారంగా వాడొద్దు" అని పేరులోనే పెట్టాను. దాన్ని తీసేస్తే మరో రోజు మరో ఫోన్ నుంచి మళ్ళీ బయటికొస్తుంది, అప్పుడు ఏది అసలో మళ్ళీ మొదలవుతుంది.

క్లెయిమ్ ఎలా ముగిసిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. గోడౌన్ వాళ్ళు పిలిచి సెట్టింగ్‌లు మార్చమన్నారు. గేట్ కెమెరాలో స్మార్ట్ కోడెక్ ఆపి, రెండు సెకన్లకొక కీఫ్రేమ్ వచ్చేలా పెట్టాను. డిస్క్‌లో రోజులు తగ్గుతాయని ముందే చెప్పాను, పర్వాలేదన్నారు. డీవీఆర్‌కి కేబుల్ లాగి, ఎన్‌టీపీ పెట్టి, గడియారం సరిచేసే ముందు పాత తేడా ఎంతో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, దాని మూత మీద అంటించి వచ్చాను.